మత్తు నుంచి బయటికి ఏ దారి: నెల్లూరు, ప్రకాశం కుటుంబాలకు ఒక పోలిక

ఇంట్లో ఒకరు మత్తుకు అలవాటుపడ్డారని బంధువులకు తెలిసిన వారంలోపే సలహాలు గుమ్మం దాకా వస్తాయి. చెన్నైలో చేర్పించమని ఒకరు, మాల వేయించమని ఒకరు, అన్నంలో కలిపే పొడి ఉందని ఇంకొకరు చెబుతారు. నాలుగు రోజులు గదిలో పెట్టి తాళం వేస్తే దారికి వస్తాడని మేనమామ తేల్చేస్తాడు. వీళ్లందరి మనసులో ఉన్న ప్రశ్న ఒకటే: ఎలా మాన్పించాలి? ఇక్కడ దాన్ని రెండో స్థానంలో పెట్టాను. మొదటి ప్రశ్న వేరు. మానిన మనిషి మూడు నెలల తరవాత ఒక సాయంత్రం మళ్లీ వాడితే, మర్నాడు ఉదయానికి ప్రాణంతో ఉంటాడా?

వినడానికి కఠినంగా ఉంటుందని తెలుసు. కానీ మళ్లీ వాడటం ఈ జబ్బులో అరుదైన సంగతి కాదు. చాలామందికి ఒకసారి కాదు, కొన్నిసార్లు జరుగుతుంది. జరుగుతుందని తెలిసీ, ఆ రోజుకు ఏ ఏర్పాటూ లేని చికిత్సను ఎంచుకోవడం నాకు మింగుడుపడదు.

మన ప్రాంతానికి మాన్పించడం మీద పట్టు ఎక్కువ. దానికి కారణమూ ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే అది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్లింది. సంసారాలు నిలబెట్టుకోవడానికి వాళ్లు చేసిన పోరాటం విలువ తగ్గించి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే దుకాణం మూయించడం ఒక పని, ఏళ్లుగా మత్తుకు అలవాటుపడిన ఒంటిని దాని నుంచి తప్పించడం మరో పని. ఈ రెండో పనికి ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో 2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో చూశాం. కొవిడ్ కట్టడితో మద్యం దుకాణాలు మూతపడ్డాయి. మద్యం లేకుండా ఉండలేనివాళ్లు శానిటైజర్ తాగారు. పదిమందికి పైగా చనిపోయారు.

## ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు, ఏ మత్తు అన్నది తేలాలి. "మత్తుమందులు" అని అన్నిటినీ ఒక గంపలో వేసి వెతికితే తప్పు చికిత్స దగ్గరికి చేరతారు.

మద్యం, ఆల్ప్రజోలం వంటి నిద్రమాత్రలు ఒక జాతి. రోజూ ఎక్కువగా తీసుకునే మనిషి వీటిని ఉన్నట్టుండి ఆపితే ఒళ్లు తిరగబడుతుంది. మద్యం విషయంలో మొదటి రోజే వణుకు, చెమటలు మొదలవుతాయి. తొలి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనబడి, జ్వరం వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. అంటే ఇక్కడ గండం ఆపిన మొదటి వారంలో ఉంది.

హెరాయిన్, బ్రౌన్ షుగర్, ట్రమడాల్, టాపెంటడాల్ మాత్రలు, పెంటజోసిన్ ఇంజెక్షన్, ఇవన్నీ నల్లమందు జాతి. డాక్టర్లు ఓపియాయిడ్లు అంటారు. ఇవి ఆపితే ఆవలింతలు, ముక్కు కారడం, విరేచనాలు, ఎముకలు విరిగేంత నొప్పి, నిద్రలేమి వస్తాయి. రెండు మూడు రోజులకు తారస్థాయికి చేరి, వారం పది రోజుల్లో తగ్గుతాయి. భరించడం కష్టమే గానీ, నీళ్లు తగ్గిపోకుండా చూసుకుంటే సాధారణంగా ప్రాణం పోదు. ప్రాణం పోయేది తరవాత. కొన్ని వారాలు ఆపితే ఒంటికి తట్టుకునే శక్తి పడిపోతుంది. పాత మోతాదు గుర్తుపెట్టుకుని అంతే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. జైలు నుంచి విడుదలైన మొదటి రెండు వారాల్లో ఈ మరణాలు ఎక్కువని పలు దేశాల అనుభవం. చికిత్సా కేంద్రం నుంచి ఇంటికి వచ్చిన రోజులూ అలాంటివే.

గంజాయి మూడో తరహా. కాలేజీ పిల్లల ఇళ్లలో ఎక్కువగా వినబడేది ఇదే. ఒక్క గంజాయితో ఊపిరి ఆగి చనిపోవడం అనేది దాదాపు ఉండదు. దానికి వైద్యంలో ప్రత్యేకమైన మాత్ర కూడా లేదు. కౌన్సెలింగే ప్రధాన చికిత్స. చిన్న వయసులో రోజూ తాగేవాళ్లలో అనుమానాలు, చెవిలో మాటలు వినబడటం వంటివి మొదలైతే మాత్రం సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేయకూడదు. కింద చెప్పే మందుల్లో చాలావాటితో గంజాయి ఇళ్లకు పని లేదు. ఎవరైనా అమ్మజూపితే వద్దనండి.

రెండోది, మొదట్లో చెప్పిన ప్రశ్న: మళ్లీ వాడిన రోజు ఈ దారి అతన్ని కాపాడుతుందా, ఇంకా ప్రమాదంలోకి నెడుతుందా?

మూడోది పని. పదహారో నంబరు జాతీయ రహదారి మీద లారీ నడిపేవాళ్లు, రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా కాసేవాళ్లు, చీమకుర్తి గ్రానైట్ క్వారీల కూలీలు మూడు నెలలు ఎక్కడో ఉండిపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ ఖర్చును చికిత్స ఖర్చులో కలిపి లెక్కవేయాలి.

ఇక అతని ఇష్టం, డబ్బు, దూరం. వీటి గురించి దారుల వెంబడే మాట్లాడుకుందాం.

## ఇంట్లోనే ఆపించడం

ఖర్చు లేదు, ఊరికి తెలియదు. అందుకే అందరూ మొదట పట్టుకునేది దీన్నే. నల్లమందు జాతికి, అదీ తక్కువ కాలంగా వాడుతున్నవాళ్లకు, డాక్టరు రాసిచ్చిన లక్షణాల మందులతో ఇంట్లో దాటించవచ్చు. రోజూ తాగే మనిషికి, నిద్రమాత్రలు పెద్ద మోతాదులో వేసుకునే మనిషికి గదిలో తాళం వేసి ఆపించడం చేయకూడని పని. గతంలో మానినప్పుడు ఒక్కసారి ఫిట్స్ వచ్చి ఉన్నా ఆసుపత్రిలోనే ఆపాలి. నిద్రమాత్రలను నెలల మీద కొంచెం కొంచెం తగ్గిస్తారు, ఒక్కసారిగా ఆపరు.

మాల సంగతి కూడా ఇక్కడే. దీక్ష నలభై ఒక్క రోజులు మంచినీళ్లలా గడిచిపోయిన తాగుబోతులను మనందరం చూశాం. నియమం, తోడు, ఊరి గౌరవం మూడూ కలిసి పనిచేస్తాయి. నెల్లూరు రొట్టెల పండుగలో ఆరోగ్య రొట్టె పట్టుకోవడానికి కూడా నేను అడ్డు చెప్పను. కానీ మాల వేసుకునే ముందు రోజు దాకా ఫుల్లు బాటిల్ తాగిన మనిషికి ఆ మొదటి వారంలో డాక్టరు పర్యవేక్షణ ఉండాలి. టాపెంటడాల్ సూదులు వేసుకునే కుర్రాడికి మాల తీసిన సాయంత్రం గురించి ముందే ఆలోచించాలి. నలభై ఒక్క రోజుల్లో అతని ఒంటికి తట్టుకునే శక్తి పోయి ఉంటుంది, స్నేహితులు మాత్రం అక్కడే ఉంటారు.

## తెలియకుండా కలిపే పొడి

గోడల మీద, ఫోనులో ప్రకటనలు: మనిషికి తెలియకుండా అన్నంలో, కాఫీలో కలపండి, తాగుడు మానేస్తాడు. ఇలాంటి పొడుల్లో ఏముందో ఎవరికీ తెలియదు. అసలు మందు డైసల్ఫిరామ్ అయినా ఇదే మాట. ఆ మాత్ర వేసుకుని మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు వచ్చి, రక్తపోటు పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లలో ప్రాణం పోవచ్చు. మాత్ర ఆపినా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. తాను ఏం వేసుకుంటున్నాడో తెలిసిన మనిషికి, డాక్టరు పరీక్షలు చేసి, భార్యో అన్నో రోజూ దగ్గరుండి ఇస్తే ఇది పనికొచ్చే మందే. తెలియని మనిషి మామూలుగానే బెల్టు షాపుకు వెళ్తాడు. ఈ దారిని నేను పోలికలోనే ఉంచను. చాలామంది అడుగుతారు కాబట్టి చెప్పాను.

## నెలల తరబడి ఉంచుకునే కేంద్రాలు

మాటల్లో రీహాబ్ అంటారు. మంచి కేంద్రం నిజంగా మేలు చేస్తుంది. చుట్టూ ఉన్న సరఫరా నుంచి, అప్పుల నుంచి, స్నేహాల నుంచి కొన్నాళ్లు దూరం దొరుకుతుంది. కౌన్సెలర్లు ఉంటారు, అదే దారిలో నడిచిన తోటివాళ్లు ఉంటారు. నెల్లూరు వాళ్లకు చెన్నై దగ్గర. 1980లో మొదలైన టీటీ రంగనాథన్ ఫౌండేషన్ ఆసుపత్రి పేరు ఇక్కడ చాలా ఇళ్లలో తెలుసు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నిధులతో నడిచే పునరావాస కేంద్రాల్లో చికిత్స ఉచితం. దగ్గర్లో ఏది ఉందో 14446 నంబరుకు ఫోను చేస్తే చెబుతారు.

ఇబ్బంది మంచి కేంద్రాల పేరు వాడుకుని నడిచే మిగిలినవాటితో. ఇద్దరు మనుషులు వ్యాన్‌లో వచ్చి ఎత్తుకుపోతామంటే, మూడు నెలల దాకా ఫోను ఇవ్వం అంటే, డాక్టరు పేరు అడిగితే దాటవేస్తే, అక్కడ చికిత్స ఉండదు, నిర్బంధం ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఉన్నాయి. కాబట్టి అలాంటి సంస్థకు రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ ఉండాలి. మనిషిని గొలుసులతో కట్టడం ఆ చట్టం ప్రకారం నిషేధం. ఇష్టం లేని మనిషిని చేర్చుకోవాలంటే అతని తరఫు ప్రతినిధి దరఖాస్తు, ఇద్దరు నిపుణులు వేర్వేరుగా చేసిన పరీక్ష కావాలి. అందులో ఒకరు సైకియాట్రిస్ట్ అయి ఉండాలి. అలా చేర్చుకున్నా మొదటి విడత ముప్పై రోజులకు మించకూడదు. డబ్బు కట్టే ముందు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. చూపించడానికి తటపటాయించారంటే ఆటో ఎక్కి వెనక్కి వచ్చేయండి.

మంచి కేంద్రమైనా సరే, నా మొదటి ప్రశ్నకు ఇది బలహీనమైన జవాబే, నల్లమందు జాతి వాడేవాళ్ల విషయంలో. మూడు నెలలు శుభ్రంగా ఉండి ఇంటికి వచ్చిన మనిషి ఒంటికి ఏ రక్షణా ఉండదు. మెడలో పూలదండ వేసి తీసుకొచ్చిన వారంలోనే పోయాడు అనే వార్త వెనుక తరచూ ఈ లెక్కే ఉంటుంది. అందుకే అక్కడి డాక్టరును ఈ మాట సూటిగా అడగండి: పంపించేటప్పుడు బూప్రెనార్ఫిన్ గానీ నాల్ట్రెక్సోన్ గానీ మొదలుపెట్టి పంపుతారా? చేతికి నాలోక్సోన్ ఇస్తారా? (మొదటి రెండూ మళ్లీ వాడకుండా కాపాడే మందులు, మూడోది మోతాదు మించినప్పుడు వేసే విరుగుడు. వివరాలు కింద ఉన్నాయి.) "మందుల అవసరం లేదమ్మా, మనసు గట్టిగా ఉంటే చాలు" అన్నారంటే ఇంకో చోటు చూసుకోవడం మేలు.

## ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగం

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు మెడికల్ కాలేజీలకు అనుబంధం, సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. ఓపీ చీటీతో మొదలవుతుంది. ఖర్చు దాదాపు లేదు. మద్యం, నిద్రమాత్రల వాళ్లకు నా మొదటి సలహా ఇదే. డయాజిపామ్ జాతి మందులతో ఫిట్స్ రాకుండా చూస్తారు, థయామిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఈ థయామిన్ సంగతి చాలామంది పట్టించుకోరు. ఏళ్ల తరబడి అన్నం మానేసి తాగిన మనిషికి ఆ విటమిన్ లేకుండా నేరుగా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర "నీరసంగా ఉన్నాడు, ఒక సెలైన్ పెట్టండి" అనే ముందు ఇది గుర్తుండాలి.

లోపాలూ ఉన్నాయి. ఓపీలో వరస పొడవు. డాక్టరు మాట్లాడే సమయం తక్కువ. తెలిసినవాళ్లు చూస్తారేమోనన్న సిగ్గు. పడకలు అన్ని వేళలా ఖాళీగా ఉండవు. వారం పది రోజుల్లో పంపేస్తారు, తరవాత తిరగాల్సింది మనమే. ఆ తిరగడం ఆగిన చోటే చికిత్స కూడా ఆగుతుంది. కందుకూరు నుంచో ఉదయగిరి నుంచో వచ్చేవాళ్లు తరవాతి తేదీని బస్సు ఖర్చుతో సహా ముందే అనుకుని పెట్టుకోవాలి. మధ్యలో మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

## బూప్రెనార్ఫిన్: మత్తుకు మందు బదులు

ఎక్కువ వాదన జరిగేది దీని మీద. "ఒక మత్తు మాన్పించడానికి ఇంకో మత్తా?" అని ప్రతి ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, దాటవేయకుండా జవాబు చెప్పాలి.

బూప్రెనార్ఫిన్ కూడా నల్లమందు జాతిదే. నాలుక కింద పెట్టుకునే మాత్ర, ఒక రోజంతా పనిచేస్తుంది. మెదడులో హెరాయిన్ కూర్చునే చోటే కూర్చుని, ఒంటి బాధ రాకుండా చూస్తుంది. అయితే సగం శక్తితోనే పనిచేస్తుంది. ఎంత పెంచినా ఒక స్థాయి దాటి మత్తు ఎక్కదు, ఊపిరిని అణచడం కూడా ఒక హద్దు దగ్గర ఆగుతుంది. అది కూర్చుని ఉండగా పైనుంచి హెరాయిన్ తీసుకున్నా పెద్దగా పట్టదు. సూదికోసం, డబ్బుకోసం పరుగు ఆగుతుంది. మనిషి ఉదయం మాత్ర పెట్టుకుని పనికి వెళ్తాడు. ఈ చికిత్సలో ఉన్నంతకాలం మరణాలు, చికిత్స లేనప్పటితో పోలిస్తే, సగానికో అంతకన్నా ఎక్కువగానో తగ్గుతాయని వివిధ దేశాల పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలింది. మిగతా ఏ దారికీ ఇంత బలమైన ఆధారం లేదు.

ఇంకో మత్తు అన్నవాళ్లకు నా జవాబు ఇదే: మనం తూచాల్సింది మందు పేరును కాదు, మనిషి రోజును. సాయంత్రం ఇంటికి వస్తున్నాడా, జీతం ఇంట్లో ఇస్తున్నాడా, సూదులు ఆగాయా? ఇవి చూడండి.

దీనికీ ఇబ్బందులు ఉన్నాయి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2007-08 నుంచి ఈ చికిత్సను ప్రధానంగా సూదులు వేసుకునేవాళ్లకు ఉచితంగా ఇస్తోంది, కానీ రోజూ కేంద్రానికి వెళ్లి నర్సు ఎదుట మాత్ర పెట్టుకోవడం అక్కడి పద్ధతి. అన్ని ఊళ్లలో ఆ కేంద్రాలు లేవు. 1097కు ఫోను చేసి దగ్గర్లో ఏది ఉందో అడగాలి. సైకియాట్రిస్ట్ రాసిచ్చే బూప్రెనార్ఫిన్, నాలోక్సోన్ కలిపిన మాత్రకు డబ్బు పెట్టాలి, దొరికే చోటు వెతుక్కోవాలి. మొదటి మాత్ర తొందరపడి వేసుకోకూడదు. చివరిసారి మత్తు తీసుకుని కనీసం పన్నెండు గంటలై, ఆవలింతలు, ముక్కు కారడం మొదలయ్యాకే వేయాలి. లేకపోతే బాధ ఒక్కసారిగా విరుచుకుపడుతుంది, "ఈ మందు పడదు" అని పారిపోతారు. నిద్రమాత్రలు, మద్యం దీనితో కలిస్తే ఆ హద్దు పనిచేయదు, ప్రాణాపాయం. ఇక ఎన్నాళ్లు వాడాలంటే, నెలలు కాదు, చాలామందికి ఏళ్లు. రెండు వారాల్లో తగ్గించి ఆపేస్తామనే చోట మళ్లీ మొదటి గండమే ఎదురవుతుంది.

గర్భిణిగా ఉన్న స్త్రీ నల్లమందు జాతి వాడుతుంటే ఉన్నట్టుండి ఆపకూడదు. ఆమెకు బూప్రెనార్ఫిన్ గానీ, అదే పనికి వాడే మరో మందు మెథడోన్ గానీ ఇవ్వడమే అంగీకృత చికిత్స. సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా ఆపడం బిడ్డకు మంచిది కాదు.

## నాల్ట్రెక్సోన్

యాభై మిల్లీగ్రాముల మాత్ర, రోజుకొకటి. ఇది మత్తు ఇవ్వదు, మత్తును అడ్డుకుంటుంది. పెద్దవాళ్లకు అందుకే నచ్చుతుంది. మొదలుపెట్టడానికి ముందు వారం పది రోజులు నల్లమందు జాతిదేదీ ఒంట్లో ఉండకూడదు. కాలేయ పరీక్ష కావాలి. క్రమం తప్పకుండా వేసుకునే మనిషికి, దగ్గరుండి ఇచ్చే తోడు ఉంటే బాగా పనిచేస్తుంది. మానేస్తే మాత్రం ఒళ్లు పూర్తిగా రక్షణ లేకుండా ఉంటుంది, ఆ వారంలో మళ్లీ వాడితే మోతాదు మించే ప్రమాదం ఎక్కువ. మద్యానికి కూడా ఇస్తారు. తాగాలన్న తపన తగ్గుతుంది, అక్కడ ఈ గండం లేదు.

## ఒక చూపులో

| దారి | ఎవరికి తగును | మళ్లీ వాడిన రోజు | పని | ఖర్చు |
|---|---|---|---|---|
| ఇంట్లో ఆపించడం | నల్లమందు జాతి తక్కువ కాలం వాడినవాళ్లు, డాక్టరు మందులతో | రక్షణ లేదు | వారం సెలవు | తక్కువ |
| నెలల కేంద్రం | ఇంటి చుట్టూ సరఫరా ఉన్నవాళ్లు, పనికి తొందర లేనివాళ్లు | మందు మొదలుపెట్టి పంపకపోతే ఎక్కువ ప్రమాదం | ఆగిపోతుంది | ఉచితం నుంచి చాలా ఎక్కువ దాకా |
| ప్రభుత్వ ఆసుపత్రి | మద్యం, నిద్రమాత్రల వాళ్లకు మొదటి మెట్టు | తరవాతి మందు మీద ఆధారం | వారం పది రోజులు | దాదాపు లేదు |
| బూప్రెనార్ఫిన్ | నల్లమందు జాతి, ముఖ్యంగా సూదులు | అన్నిటికన్నా మెరుగైన రక్షణ | కొనసాగుతుంది | ప్రభుత్వ కేంద్రంలో ఉచితం |
| నాల్ట్రెక్సోన్ | తోడు ఉన్నవాళ్లు, మద్యం వాళ్లు | వేసుకుంటే రక్షణ, మానితే ప్రమాదం | కొనసాగుతుంది | మధ్యస్థం |

## ఏ దారైనా ఇంట్లో ఉండాల్సింది

నాలోక్సోన్ వేరే దారి కాదు, అన్ని దారులకూ తోడు. నల్లమందు జాతి మోతాదు మించినప్పుడు దాన్ని మెదడులోంచి తోసేసి ఊపిరి తిరిగి తెప్పించే విరుగుడు. మనుషుల ఇళ్ల దగ్గర ఇది అందుబాటులో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. మన దగ్గర 0.4 మిల్లీగ్రాముల ఆంప్యూల్‌గా, డాక్టరు చీటీతో దొరుకుతుంది. రాసివ్వమని, తొడ కండకు ఎలా వేయాలో ఒకసారి చూపించమని చికిత్స చేస్తున్న డాక్టరును అడగండి. అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

గుర్తులు ఇవి: పిలిచినా, రొమ్ము ఎముకను పిడికిలితో గట్టిగా రుద్దినా లేవడు. ఊపిరి నిమిషానికి పదికన్నా తక్కువ, లేదా గురగురలాడే గురక. పెదవులు, గోళ్లు నీలం. కంటిపాప గుండుసూది మొనంత. ఇలా కనబడితే 108కి ఫోను చేసి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి, అయిదు సెకన్లకొకసారి నోటితో ఊపిరి అందించండి. నాలోక్సోన్ ఉంటే వేయండి. రెండు మూడు నిమిషాల్లో మార్పు లేకపోతే మళ్లీ. ఊపిరి తీసుకుంటుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతుకు అడ్డుపడకుండా. లేచాక "బాగున్నాను" అని వెళ్లిపోతానంటాడు. వెళ్లనివ్వకండి. నాలోక్సోన్ అరగంట నుంచి గంటన్నర దాకానే పనిచేస్తుంది, లోపలి మత్తు అంతకన్నా ఎక్కువసేపు ఉండవచ్చు.

మజ్జిగ, నిమ్మరసం, ఉప్పునీళ్లు పోయడం, బిందెతో చన్నీళ్లు గుమ్మరించడం, చెంపలు వాయించడం, "నిద్రపోనీ, పొద్దున లేస్తాడు" అని వదిలేయడం ఏదీ పనికిరాదు. చివరిదానివల్ల పోయిన ప్రాణాలే ఎక్కువ. మద్యానికి, నిద్రమాత్రలకు నాలోక్సోన్ పనిచేయదు, కానీ ఏం తీసుకున్నాడో తెలియనప్పుడు వేస్తే నష్టం లేదు. ట్రమడాల్ ఎక్కువైతే ఫిట్స్ కూడా వస్తాయి కాబట్టి ఆసుపత్రి తప్పదు. అనుమానం ఉన్న మద్యమో శానిటైజరో తాగిన మర్నాడు చూపు మసకబారితే, కడుపునొప్పి, ఆయాసం వస్తే అది మిథైల్ ఆల్కహాల్ కావచ్చు. అరగంట కూడా ఆగకండి.

## మీరు ఎవరన్నదాన్ని బట్టి

లారీ నడిపే భర్త ఉన్న ఇంటికి రోజూ కేంద్రానికి వెళ్లే పద్ధతి కుదరదు. ఇంటికి మాత్రలు ఇచ్చే సైకియాట్రిస్ట్‌ను వెతుక్కోవడం మేలు. కొత్తగా మొదలుపెట్టిన రోజుల్లో, మోతాదు మారిన రోజుల్లో స్టీరింగ్ పట్టుకోకూడదని ముందే ఒప్పించాలి.

పిల్లవాడు సూదులదాకా రాలేదు, స్నేహితుల గదిలో మాత్రలు వాడుతున్నాడని తెలిసిన తల్లిదండ్రులు నేరుగా రీహాబ్‌కు పరుగెత్తకండి. చదువు ఆపి, ఎత్తుకుపోయి పడేస్తే ఆ తరవాత మీతో నిజం చెప్పడు. ఓపీలో ఒక పరీక్ష, కొన్ని వారాల కౌన్సెలింగ్ ముందు. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పండి: ఒంటరిగా, తలుపు గడియపెట్టుకుని, మద్యంతోనో నిద్రమాత్రలతోనో కలిపి ఏదీ తీసుకోవద్దని. అది వాడమని ఇచ్చే అనుమతి కాదా అని మీకు అనిపిస్తుంది. వాడు ఇవాళ రాత్రి వాడతాడా లేదా అన్నది మీ చేతిలో లేదు, ఆ గది తలుపు మీ చేతిలో ఉండవచ్చు.

యాభై దాటి, రోజూ తాగే, ఇక మానడని అందరూ వదిలేసిన మనిషి ఉన్న ఇంట్లో లక్ష్యం తగ్గించుకోవడం ఓటమి కాదు. ముందు అన్నం, తరవాత గ్లాసు. థయామిన్ మాత్ర. కల్తీ సరుకు వద్దు. నిద్రమాత్ర కలపవద్దు. మానాలని ఎప్పుడైనా అంటే ఆ రోజే ఆసుపత్రికి, ఇంట్లో కాదు.

ఇక ఇది చదువుతున్నది మీరే వాడుతున్నవాళ్లయితే: మాత్రలు నూరి సూదిలో ఎక్కించడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. మాత్రలోని పొడి నరాల్లో, ఊపిరితిత్తుల్లో అడ్డుపడుతుంది. సూది ఒకరిది ఒకరు వాడకండి, దూది, నీళ్లు కూడా. కొన్నాళ్లు ఆగి మళ్లీ తీసుకుంటుంటే పాత మోతాదు మీ ఒంటికి ఇప్పుడు విషమే. సూది వాడినవాళ్లు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు చేయించుకోండి. హెపటైటిస్ సీకి 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద మాత్రలు ఉచితం, చాలామందికి పన్నెండు వారాల్లో నయమవుతుంది.

## పోలీసుల భయం

ఆసుపత్రికి తీసుకెళ్తే కేసు అవుతుందని 108కి ఫోను చేయకుండా ఆగిపోయేవాళ్లు ఉన్నారు. మత్తుపదార్థాల చట్టం 1985లోనిది. అందులో వాడకం కూడా నేరమే, అది దాచను. కానీ అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వాడకం, లేదా స్వల్ప పరిమాణం కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన చోట చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు దొరుకుతుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ మినహాయింపు పోవచ్చు. హెచ్‌ఐవీ చట్టం 2017లోని 22వ సెక్షన్ వాడిన సూదికి బదులు కొత్త సూది ఇవ్వడం, బూప్రెనార్ఫిన్ ఇవ్వడం వంటి పనులకు రక్షణ ఇస్తుంది. నంబర్లు కలిపేసుకోకండి: అమ్మేవాళ్ల గురించి సమాచారం చెప్పడానికి రాష్ట్ర పోలీసుల మత్తు నిరోధక విభాగం ఈగల్ 1972, చికిత్స గురించి అడగడానికి 14446.

మొదటి ఓపీకి వెళ్లేటప్పుడు ఇంట్లో దొరికిన ఖాళీ స్ట్రిప్పులు, సీసాలు, మెడికల్ షాపు బిల్లులు ఒక కవరులో వేసుకుని తీసుకెళ్లండి. రోజుకు ఎన్ని, చివరిసారి ఎప్పుడు, గతంలో ఫిట్స్ వచ్చాయా, కాలేయం, గుండె జబ్బు ఉందా, ఇవి ఒక కాగితం మీద రాసుకోండి. మోతాదు తగ్గించి చెప్పకండి. డాక్టరు మందు లెక్క వేసేది ఆ అంకె మీదే.